మల్లభూమిలో మగువ

పురుషుని దేహము బలిష్ఠమైనచో లోకము దానికి బిరుదమిచ్చును. స్త్రీ దేహము బలిష్ఠమైనచో లోకము దానికి సంజాయిషీ యడుగును. ఈ మాటకు సాక్ష్యముగా నిలువదగిన చరిత్ర యొకటి మన దేశముననే నడచినది. అలీగఢు హమీదా బాను అను నామె కుస్తీనే జీవనోపాధిగా గ్రహించి, 1940, 1950 దశకములలో మన దేశపు నగరములందు గోదాలో దిగి పురుషులతో పోరినది. పత్రికలు చదువు అలవాటున్న మీ తల్లిదండ్రులలో కొందఱు ఆమె పేరు విని యుండవచ్చును. తరువాత ననేక సంవత్సరములు ఆ పేరు మఱుగున పడియుండెను. నేడు మీతో ముచ్చటింప బూనినది ఆమెను గూర్చియే.

బలమును గూర్చి తెలుగునాట మాట వచ్చినపుడు కోడి రామమూర్తినాయుడుగారిని తలపక ముందునకు సాగరాదు. ఆయన 1882లో వీరఘట్టమున జన్మించి 1942లో కీర్తిశేషులైరి. దేహమునకు ఉక్కుగొలుసు చుట్టించుకొని ఊపిరి బిగబట్టి దానిని తునియలు చేయుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట వారి ప్రదర్శనములలో ప్రసిద్ధములు. జనులు వారిని కలియుగభీముడనిరి. ఆ ఱొమ్మును, ఆ భుజములను, ఆ తొడలను వర్ణించుకొని సంతోషించిరి. మగపిల్లలకు ఆ కథ చెప్పి, నీవును అట్లు కావలెనని దీవించిరి. ఇందు తప్పేమియు లేదు. నే నడుగున దొక్కటే. ఆ దేహమే యొక స్త్రీకి కలిగినచో, ఏ తల్లియైనను తన కూతునకు చూపి, నీవును అట్లు కావలెనని దీవించునా?

హమీదా బాను పుట్టినయూరు ఉత్తరప్రదేశములోని మీర్జాపురము. ఆడుది కుస్తీ పట్టుట అక్కడివారికి సరిపడలేదు. అందుచే ఆమె ఊరు విడిచి అలీగఢు చేరి, సలాం పహిల్వాను అను వస్తాదు వద్ద విద్య నేర్చినది. ఈ ఒక్క ముక్కలో నెంత కష్టమున్నదో తాలింఖానాల సంగతి యెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉత్తరదేశపు అఖాడాలలో మట్టి దేవతాసమానము. మజ్జిగయు, నూనెయు, పసుపును కలిపి దానిని మెత్తన చేయుదురు. ఆ మట్టికి మ్రొక్కి గాని పట్టునకు దిగరు. బ్రహ్మచర్యము అక్కడి మొదటి నియమము. ఆడుది ఆ మట్టిపై నడుగిడుటయే అపచారమని తలచు వస్తాదులు పెక్కుమంది. అట్టిచోట నొక ముసల్మాను స్త్రీ దండీలును బస్కీలును తీసి, పురుషుని మెడకు చేయి వేసి, పట్టునకు ప్రతిపట్టు నేర్చినది. ఒడలు మఱుగుపఱచుకొనుటయే స్త్రీకి మర్యాద యని నేర్పిన సంఘమున, ఆమె తన యొడలినే పనిముట్టుగ, పెట్టుబడిగ, ప్రతిష్ఠగ పదిమంది యెదుట నిలువబెట్టినది.

1954 ఫిబ్రవరిలో ఆమె యొక సవాలు చాటినది. కుస్తీలో తన్నోడించినవానిని పెండ్లాడెదనని దాని సారాంశము. ఇది వినగానే మన కందఱకును ప్రమీలార్జునుల కథ జ్ఞప్తికి వచ్చును. స్త్రీరాజ్యమున కేలికయగు ప్రమీల యాగాశ్వమును కట్టివైచి అర్జునునితో పోరిన కథను మన నాటకసమాజములవారు ఎన్ని రాత్రు లాడలేదు! ఆ కథలో పోరు పెండ్లితో ముగియును. చూడవచ్చినవారికి కావలసినదియు నదియే. హమీదా బాను సవాలులోని చిత్రమేమనగా, ఆ పెండ్లి జరుగలేదు. మొదట పటియాలా వస్తాదును, పిదప కలకత్తా వస్తాదును ఓడించి, ఆ యేటి మే మాసారంభమున ఆమె బరోడా చేరినది. లారీలకు ప్రకటనలు కట్టి ఊరెల్ల త్రిప్పిరి. ఆమెతో పోరవలసినవాడు బరోడా మహారాజుగారి పోషణలోని ఛోటే గామా. చివఱి క్షణమున నతడు, ఆడుదానితో పోరనని తప్పుకొనెను. అతనికి బదులుగా బాబా పహిల్వాను దిగెను. 1 నిమిషము 34 సెకండ్లలో హమీదా అతనిని చిత్తు చేసినది. ఇక నితడు పెండ్లికొడుకు కాజాలడని న్యాయనిర్ణేత పరిహాసముగ చాటెను. అప్పటికే మున్నూటికి పైగా కుస్తీలు గెలిచితినని ఆమె చెప్పుకొనుచుండెను.

ఈ సవాలును గూర్చి నా యూహ యొకటి మనవి చేయుదును. ఆడుది యేల కుస్తీ పట్టవలెనని లోకము అడుగును. నాకు చేతనగును గనుక పట్టెదనన్నచో లోకమునకు రుచింపదు. వరుని వెదకుకొనుచున్నాననినచో లోకము నవ్వుకొని దారి యిచ్చును. పెండ్లి పేరు చెప్పనిదే బలము చూప వీలులేని కాలమది.

ఇట్టి పంతము చరిత్రకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దిలో మధ్యాసియాలో ప్రబలుడైన ఖైదూఖానుని కూతురు ఖుతులున్ ఇట్లే పంతము పట్టినది. వెనీసు యాత్రికుడగు మార్కోపోలో ఆమె కథను వేఱొక పేరుతో వ్రాసెను. కుస్తీలో తన్ను గెలిచినవానికి ఆమె భార్య యగును. ఓడినవాడు నూఱు గుఱ్ఱములిచ్చి పోవలెను. అట్లు పదివేల గుఱ్ఱములు కూడినవట. యాత్రికుల లెక్కలను నేనంతగా నమ్మను. కాని అందులోని యొక ముచ్చట మాత్రము మన యిండ్లలో జరిగినదానివలె తోచును. ఒక రాజకుమారుడు వేయి గుఱ్ఱములు పణముగ పెట్టి వచ్చెను. అందగాడు, బలశాలి, గొప్పయింటివాడు. సంబంధము తప్పిపోవునేమో యని తల్లిదండ్రులు కూతును చాటునకు పిలిచి, కావలెనని యోడిపొమ్మని బతిమాలిరి. ఆమె వినలేదు. అందఱి యెదుట నతనిని పడవైచి, వేయి గుఱ్ఱములను తోలించుకొని పోయినది. ఆమె యాకృతిని మార్కోపోలో వర్ణించుచు, పొడవరి యనియు, బలిసిన యవయవములు గల మహాకాయురాలనియు చెప్పి, ఆ నోటితోనే సౌందర్యవతి యనియు చెప్పెను. ఈ రెండు మాటలును ఒకచోట నిముడునని యతనికి తోచినది. దాదాపు ఏడువందల యేండ్ల తరువాతి మన పత్రికలవారికి తోచలేదు.

ఆ మార్కోపోలోయే మన మోటుపల్లి సీమను, దాని నేలిన రాణి న్యాయబుద్ధిని ప్రశంసించిన సంగతి మీకు తెలిసియుండును. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి యని చరిత్రకారుల మతము. శాసనములలో నామె రుద్రదేవ మహారాజు. ఓరుగల్లు సింహాసన మెక్కుటకు పురుషనామము కావలసివచ్చినది. రాజ్యమేలువారికి ఆ యుపాయము చెల్లును. మల్లునకు చెల్లదు. గోదాలో దేహమును దాచుటకు చోటేది?

ఇక పత్రికలు హమీదా బానును ఎట్లు కొలిచినవో వినుడు. ఎత్తు 5 అడుగుల 3 అంగుళములు. బరువు 108 కిలోలు. మన పాత తూకమున తొమ్మిదిన్నర మణుగులు. దినవెచ్చము: పాలు 5.6 లీటర్లు, సూపు 2.8 లీటర్లు, పండ్లరసము 1.8 లీటర్లు, ఒక కోడి, కిలోకు దగ్గఱగా మాంసము, ఇంచుమించు అంతే బాదముపప్పు, అరకిలో వెన్న, ఆఱు గ్రుడ్లు, రెండు పెద్ద రొట్టెలు, రెండు పళ్ళెముల బిరియానీ. నిద్ర తొమ్మిది గంటలు, సాధన ఆఱు గంటలు. ఆమెను అలీగఢు అమెజాను అనిరి. గ్రీకుల పురాణగాథలలోని యోధస్త్రీలకు ఆ పేరు. ఆమెను చూచినంతనే వెన్ను జలదరించునని యొక పత్రికలో వ్రాసిరి.

ఈ పట్టికను విని మీకు నవ్వు వచ్చియుండును. నవ్వు రావలెననియే అచ్చువేసిరి. గామా పహిల్వాను ఎన్ని పాలు త్రాగెనో, ఎన్ని బాదములు నమలెనో చెప్పుకొనునపుడు మనము నవ్వము, నోరు తెఱతుము. నాకు ఆ పట్టికలో నింకొకటి కనబడుచున్నది. మన యిండ్లలో ఆడువారు అందఱును తినిన పిదప గిన్నె యడుగున మిగిలినదానితో సరిపెట్టుకొనుట నిన్నమొన్నటి వఱకు నున్న యాచారమే. ఎంత తింటిమో చెప్పుకొనుటయు వారికి సిగ్గు. ఇంకొక ముద్ద పెట్టుకొన్న పిల్లను ఎవరైనను ఒక మాట యనకుండ విడువరు. అట్టి దేశమున నొక స్త్రీ, తానేమి తినునదియు, ఎంత తూగునదియు అచ్చులో వెలువడుచుండగా, దానిని మఱుగుపఱచుకొనలేదు. అది యామె ప్రచారములో భాగమయ్యెను. కొంత గొప్ప చెప్పుకొనుటయు నుండవచ్చును. వస్తాదులన్న పిదప గొప్ప చెప్పుకొననివా రెవరు? ఆమెకును ఆ హక్కు కలదు గదా.

వేఱొక సంగతి. స్త్రీ బలమును చూచి మనము నిజముగా ఆశ్చర్యపడుదుమా? వరికుప్ప వేయునపుడు పనలమోపులు మోయునది ఎవరు? ఱాళ్ళు కొట్టు ఒడ్డెర స్త్రీ చేతులు చూడనివారు ఈ సభలో లేరు. నీళ్ళకడవలు రెండును నెత్తిన నొకదానిపై నొకటి, చంకన మూడవది పెట్టుకొని గట్టుమీద నడచివచ్చు పడుచును చూచి ఎవరును వెన్ను జలదరించె ననరు. కూలికైనను ఇంటిపనికైనను వినియోగమగునంతవఱకు స్త్రీబలము కంటికి కనబడదు. టిక్కెట్టు పెట్టి, తన పేరున, తన గెలుపు కొఱకు దానిని చూపినపుడు మాత్రము అది వికారమగును.

ఆ వికారబుద్ధి యెట్లు పనిచేసినదో చెప్పెదను. 1944లో బొంబాయిలో గూంగా పహిల్వానుతో హమీదా కుస్తీ యేర్పాటైనపుడు ఇరువదివేలమంది వచ్చిరి. ఎదిరి యసాధ్యమైన కోరికలు కోరుటచే పోరు నిలిచిపోయెను. జనులు కోపించి క్రీడాస్థలమును పాడుచేసిరి. చూడవలెనను ఆత్రము అట్టిది. కొల్హాపురములో నామె యొక పురుషుని ఓడించినపుడు అదే జనము ఱాళ్ళు రువ్వెను. పోలీసులు వచ్చి యామెను కాపాడవలసివచ్చెను. పూనాలో రామచంద్ర సాలుంకే అను మల్లునితో పోరును అక్కడి కుస్తీ సంఘమువారు వలదని నిలిపివేసిరి. తుదకామె బొంబాయి రాష్ట్ర ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయిగారికి మొఱపెట్టుకొనినది. స్త్రీ యను కారణమున నిషేధింపలేదనియు, ఏర్పాటుదారులు ఆమెకెదురుగా బొమ్మలవంటివారిని నిలుపుచున్నారని ఫిర్యాదులు వచ్చుటచే నిషేధించితిమనియు వారు బదులిచ్చిరి.

ఈ బదులు నిరాధారమని నేననను. టిక్కెట్ల కుస్తీలో లోపాయికారీ యొప్పందములు సర్వదేశములందును కలవు. హమీదా బానుతో పోరినవారు కొందఱు ముందుగా మాటాడుకొని యోడిరని ఆ కాలమునుండియు వాడుక కలదు. ఏ కుస్తీ నిజమో, ఏది బూటకమో నేడు తేల్చుట యెవరితరమును కాదు. కాని పురుషుల టిక్కెట్టు కుస్తీలపైనను ఇదే యనుమానము కలదు. ఆ కారణమున వారి దేహబలము బూటకమని ఎవరు ననలేదు. ఖుతులున్ కథలో పెద్దలు ఆడుదానిని కావలెనని యోడుమనిరి. హమీదా కథలో జనులు, మగవాడు కావలెనని యోడియుండుననిరి. ఆడుది గెలిచెనను మాట యొక్కటి తప్ప తక్కిన దేనినైనను నమ్ముటకు సిద్ధముగ నుండిరి.

ఆ కాలముననే అమెరికాలో మిల్డ్రెడ్ బర్కు అను నామె ఇదే త్రోవ నడచినది. 1915లో పుట్టి, చిన్నవయసుననే యొక బిడ్డకు తల్లియై, భోజనశాలలో వడ్డించి పొట్టపోసికొన్న పిల్ల. కుస్తీ నేర్పుమని అడుగగా, బిల్లీ వుల్ఫు అను వస్తాదు ఆమె యాశ నణచుటకై యొక కుఱ్ఱవానిని పిలిచి, గట్టిగ క్రింద పడవేయుమని చెప్పెనట. ఆమెయే వానిని పడవైచినది. ఆ వుల్ఫునే పెండ్లాడి, తిరునాళ్ళవంటి సంతలలో వచ్చినవానితో నెల్ల పోరినది. రెండువందలకు పైగా పురుషులతో పోరి యొక్కనిచేతనే యోడితినని చెప్పుకొనెడిది. 1937 నుండి స్త్రీలలో ప్రపంచ విజేత యనిపించుకొన్నది. ఎత్తు 5 అడుగుల 2 అంగుళములే. కండలు కనబడునట్లు నిలిచి ఛాయాపటములు తీయించుకొని, రాళ్ళు పొదిగిన తెల్లని అంగీతో గోదాకు వచ్చెడిది. బలము వేఱు, సింగారము వేఱు అని యామె యెన్నడును ఒప్పుకొనలేదు. నాకామె యందు మిక్కిలి నచ్చినదిదియే. అయినను ఆమె రాబడియు, కుస్తీల యేర్పాటులును భర్త చేతిలో నుండెను. అతనితో చెడిన పిదప ఎవరును కుస్తీలు కుదుర్పలేదు. 1954 ఆగస్టు 20వ తేదీన అట్లాంటాలో జూన్ బయర్సుతో జరిగిన పోరుతో ఆమె వైభవము ముగిసినది. న్యూయార్కు రాష్ట్రమున స్త్రీల కుస్తీపై నిషేధము 1972 వఱకును తొలగలేదు.

అదే 1954లో హమీదా బాను బొంబాయిలో వేరా చిస్తిలిన్ అను రష్యను స్త్రీని నిమిషములోపల ఓడించి, యూరపునకు పోయి అచ్చటివారితో పోరెదనని ప్రకటించినది. ఆ ప్రయాణము సాగలేదు. ఎందుచేత సాగలేదో ఆమె మనుమడు పత్రికలవారికి చెప్పెను. గురువునకు ఆమె యూరపు పోవుట ఇష్టము లేదనియు, ఆపుటకై కొట్టి చేతులు విఱుగగొట్టెననియు, కాళ్ళకును దెబ్బలు తగిలి చాలకాలము లేచి నిలువజాలక, పిదప కఱ్ఱ పట్టుకొని నడచెననియు అతని మాట. మగవస్తాదులు మున్నూరుమంది చేయలేనిది ఇంట జరిగిపోయినది. ఆ దేహము పైవారిది గాదు, తనదే యని లోకమునకు చాటినదానికి, ఆ దేహముపై తుది మాట తనది గాకపోయెను. తరువాత నామె బొంబాయి సమీపమున కళ్యాణులో నుండి, పాలవ్యాపారము చేసి, చేతిలో సొమ్ములేనపుడు ఇంట వండిన తినుబండారములు వీధిప్రక్కన నమ్ముకొని జీవించినది. 1986లో గతించినది.

ఆ తరువాతి కాలమును గూర్చి క్లుప్తముగ చెప్పి విరమింతును. రామమూర్తిగారి సీమయైన ఉత్తరాంధ్రముననే ఆమదాలవలస ప్రాంతపు పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో రెండు ఎత్తులును కలిపి 240 కిలోలు ఎత్తి కంచుపతకము తెచ్చినది. ఒలింపిక్సులో పతకము గెలిచిన తొలి భారతస్త్రీ యామెయే. ఆమె తూగినది 69 కిలోల తరగతి. నాడు శ్రీకాకుళము జిల్లాలో ఆ భుజములను చూచి ఎవరును సంజాయిషీ యడుగలేదు.

బరువులెత్తు విద్యనుండియే కుస్తీవృత్తికి వచ్చినది హర్యానా స్త్రీ కవితాదేవి. బిడ్డ పుట్టిన పిదప ఆటలు మానవలెనని తలచి, భర్త ప్రోత్సాహముచే మరల సాధనకు దిగి, 2016లో దక్షిణాసియా క్రీడలలో 75 కిలోల తరగతిలో స్వర్ణపతకము గెలిచినది. పిమ్మట టిక్కెట్టు కుస్తీ నేర్చి, 2017లో అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూఈ అను పెద్ద కుస్తీ సంస్థవారి స్త్రీల పోటీలో దిగినది. ఆ సంస్థ గోదాలో కాలుమోపిన తొలి భారతస్త్రీ యామె. అచ్చటి మల్లురాండ్రు చాలీచాలని దుస్తులతో పోరుట వాడుక. కవితాదేవి సల్వారు కమీజు తొడుగుకొని, నడుమునకు గుడ్డ బిగించి దిగినది. హమీదా బాను కాలమున దేహము కప్పుకొనుమనిరి, ఆమె కప్పుకొనలేదు. ఈమె కాలమున చూపుట వాడుక, ఈమె చూపలేదు. ఇద్దఱిలో నెవరిది మర్యాద యని వాదించుకొనువారు ఒక సంగతి మఱచుచున్నారు. ఇద్దఱును తమకు తోచినట్లు తొడుగుకొని, తమ బరువుతో తాము నిలిచిరి. ఆ పోటీ మొదటి ఆవృత్తములోనే కవితాదేవి యోడినది. మఱుసటి యేట ఏప్రిలులో న్యూ ఆర్లియన్సు నగరమున ఆ సంస్థవారి మహోత్సవపు కుస్తీకి ఆమెను మరల పిలిచిరి.